ఐదుగురిలో చోటు సంగతి

బుజ్జీ,

తమ గోల్ఫ్ జట్టులోకి రమ్మని అమెరికా యూనివర్సిటీల కోచ్‌లు ఇద్దరు నీకు పంపిన మెయిళ్లు నాన్నా నేనూ కూర్చుని చదివాం. పెద్ద యూనివర్సిటీ పేరు చూడగానే నాన్న మనసు అటే పోయింది. తాతయ్యకైతే గోల్ఫ్ ఆడితే ఫీజు తగ్గిస్తారంటే ఇంకా నమ్మకం కుదరడం లేదు. నా ఆలోచన వేరే ఉంది. ఫోన్‌లో చెప్తే "అబ్బా, అమ్మా" అని పెట్టేస్తావని రాస్తున్నాను.

ఆ పెద్ద యూనివర్సిటీ జట్టులో తొమ్మిది మంది అమ్మాయిలు ఉంటారట. టోర్నమెంటుకి జట్టు తరఫున ఆడేది ఐదుగురు, వాళ్ల స్కోర్లలో ప్రతి రౌండుకీ మంచివి నాలుగే లెక్కలోకి వస్తాయి. మిగతావాళ్లు చాలాసార్లు క్యాంపస్‌లోనే ఉండిపోతారు. స్టాన్‌ఫర్డ్‌లో రోజ్ జాంగ్ ఆడిన రోజులు గుర్తున్నాయిగా? 2022లో, 2023లో వరసగా ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ ఆటల సంఘం) వ్యక్తిగత టైటిల్ ఆమెదే. అలాంటి పిల్ల ఉన్న జట్టులో ఒక చోటు ముందే నిండిపోయినట్టు. నీకు రాసిన పెద్ద యూనివర్సిటీలోనూ పైన ఉన్న ముగ్గురి స్కోర్లు చూశాను. మొదటి ఏడాది నువ్వు ఏడో స్థానంలోనో ఎనిమిదో స్థానంలోనో ఉంటావు. నిన్ను తక్కువ చేసి అనడం లేదు. గోల్కొండ కోట పక్కన ఎండలో నీ వెనకే తిరిగి నేర్చుకున్న గోల్ఫ్ నాది, అయినా ఆ మాత్రం లెక్క వేయగలను.

అందుకే కోచ్‌ని ముందు అడగాల్సింది స్కాలర్‌షిప్ గురించి కాదు, క్వాలిఫయింగ్ గురించి. ఐదు చోట్లూ జట్టులోవాళ్లు తమలో తాము పోటీపడే క్వాలిఫయింగ్ రౌండ్లతోనే తేలుస్తారా, కొన్ని కోచ్ తనకు నచ్చినవాళ్లకి ఇస్తారా? వెళ్లనివాళ్లకి ఆ వారం ప్రాక్టీసు ఎవరు చేయిస్తారు? జట్టులో ఆరో అమ్మాయితో ఒకసారి మాట్లాడించమని అడుగు. మొదటి అమ్మాయి ఎలాగూ బాగుందనే చెప్తుంది.

గోల్ఫర్ సాహిత్ తీగల సంగతి నాన్న నీకు ఎన్నిసార్లు చెప్పారో! తెలుగువాళ్లింటి అబ్బాయి, మాలిబులోని పెపర్‌డైన్‌లో చదివాడు. చిన్న యూనివర్సిటీయే. మణికట్టు గాయంతో ఒక సీజన్ మొత్తం ఆడలేకపోయాడు. దాన్ని రెడ్‌షర్ట్ అంటారు, అలా కూర్చున్న ఏడాది అతని ఆడే అర్హతలోంచి పోలేదు. 2020లో కాలేజీ గోల్ఫ్‌లో పెద్ద అవార్డులు మూడూ, హాస్కిన్స్, హోగన్, నిక్లస్, అతనికే వచ్చాయి. అతను ప్రో అయ్యాక 2021లో ఆ జట్టు జాతీయ టైటిల్ కూడా గెలిచింది. నాన్న చెప్పేటప్పుడు 2023లో కాలిఫోర్నియాలోని నాపాలో గెలిచిన పీజీఏ టూర్ (ప్రొఫెషనల్ గోల్ఫ్) కప్పు దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆడని ఆ ఏడాదే ముఖ్యం అనిపిస్తుంది. నీకు గాయమైతే డబ్బు సంగతేంటి, స్కాలర్‌షిప్ ఏడాదికేడాది మళ్లీ రాసిస్తారా, నాలుగేళ్లకీ ఒకేసారి ఇస్తారా అన్నది కాగితం మీద ఉండాలి.

నీతో ఆడే అబ్బాయికి పావు వంతు స్కాలర్‌షిప్పే ఇస్తామన్నారని బాధపడ్డావు. వాడి ఆట నీకంటే తక్కువేం కాదు. చాలా ఏళ్లు డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ ఆటల్లో పై స్థాయిలో, మగపిల్లల గోల్ఫ్ జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్పులు, ఆడపిల్లల జట్టుకి ఆరు. చదువులో, ఆటల్లో ఆడామగా తేడా చూపకూడదని 1972లో అక్కడ టైటిల్ నైన్ చట్టం వచ్చింది. మగపిల్లల అమెరికన్ ఫుట్‌బాల్‌కే 85 స్కాలర్‌షిప్పులు పోతుంటే, ఆ లెక్క సరిచేయడానికి మిగతా ఆటల్లో ఆడపిల్లలకి కాస్త ఎక్కువ పెట్టారు. 2025-26 నుంచి, కోర్టు కేసు తేలి వచ్చిన కొత్త ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలకి ఆ పరిమితి తీసేసి, జట్టుకి తొమ్మిది మందే అన్నారు. తొమ్మిది మందికీ పూర్తిగా ఇవ్వొచ్చు, డబ్బుంటే. చాలాచోట్ల ఉండదు. కాబట్టి "ఇవ్వొచ్చు" అన్న మాట విని సంతోషపడకు, ఎంతో చెప్పమను.

చదువు గురించి ఒక్క మాట. సీజన్‌లో ఆటకి వారానికి ఇరవై గంటలే అని రూలు. కానీ టోర్నమెంటు రోజుని మూడు గంటల కింద రాసుకుంటారు! బ్యాగు మోసుకుంటూ ఒక్కరోజులో 36 హోల్స్, అంటే రెండు రౌండ్లు, ఆడితే పొద్దున్నుంచి చీకటి పడేదాకా పడుతుంది. నువ్వేమో బయాలజీ అంటున్నావు. ఆ జట్టులో ల్యాబులున్న కోర్సు చదివే అమ్మాయి ఒక్కతైనా ఉందా, కనుక్కో.

ఇంకోటి. అక్కడి పిల్లలు 2021 నుంచి తమ పేరూ ఫొటో ప్రకటనలకి వాడుకోనిచ్చి కంపెనీల దగ్గర డబ్బు తీసుకుంటున్నారు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లే నీకు అది చిక్కు. ఎవరు ఏం పంపినా సంతకం పెట్టకు, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుని అడిగాకే.

నా ఓటు రెండో యూనివర్సిటీకి. నాన్న ఓటు నీకు తెలుసు. ఇద్దరు కోచ్‌లకీ ఇవే ప్రశ్నలు పంపి, జవాబులు మాకు ఫార్వర్డ్ చెయ్యి. అప్పటిదాకా ఎవరికీ సరేననకు. పిన్నికి కూడా ఈ ఉత్తరం చూపించు, మెయిల్ ఇంగ్లిష్ తను సరిచూస్తానంది.

అమ్మ