తండ్రి పేరు గడిలో ‘నాన్న’

సంపాదకులకు నమస్కారం.

ఇల్లు విడిచి వచ్చిన పిల్లలతో తిరుపతిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. రేణిగుంట జంక్షన్‌లోనో, తిరుపతి స్టేషన్‌లోనో ఒంటరిగా కనిపించిన పిల్లల పక్కన కూర్చుని మాట కలపడం, ఊరు కనుక్కోవడం, 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచడం నా పని. ఆ గడువు 2015 నాటి బాలల న్యాయ చట్టం పెట్టింది. ప్రయాణ సమయాన్ని మినహాయించింది కూడా. గడువుతో నాకు పేచీ లేదు. పేచీ అంతా దొరికిన పిల్లల వివరాలు నమోదు చేయమని మా చేతికిచ్చిన యాప్‌తోనే.

అది మొదట పేరు అడుగుతుంది, తర్వాత తండ్రి పేరు, తర్వాత పిన్‌కోడ్. ఎర్ర చుక్క ఉన్న గడి ఖాళీగా వదిలితే రెండో పేజీ తెరుచుకోదు. దెబ్బలు తిని రైలెక్కిన పిల్లవాడు అడగ్గానే తండ్రి పేరు చెబుతాడా? మొన్న ఒక అబ్బాయి, తొమ్మిదేళ్లుంటాయేమో, రాత్రి పదింటికి ఒక పేరు చెప్పాడు. ఇడ్లీ తిన్నాక ఇంకో పేరు చెప్పాడు. తండ్రి పేరడిగితే ‘నాన్న’ అన్నాడు. విసుగొచ్చి అదే కొట్టాను. యాప్ కిమ్మనకుండా తీసుకుంది. మా రికార్డుల్లో ఇప్పుడు నాన్న అనే ఆసామి ఒకాయన ఉన్నాడు.

తెల్లవారుజామున ఆ అబ్బాయి నా నోటుపుస్తకం అడిగి బొమ్మ గీశాడు. ఇటుక బట్టీ, నీళ్ల ట్యాంకు, దాని మీద రెండు తమిళ అక్షరాలు. ‘అక్కా, దీని పక్కనే మా బడి’ అన్నాడు. ఊరు దొరికింది ఆ అక్షరాలతోనే. మొదట చెప్పిన పేరు వాళ్ల అన్నదని కూడా అప్పుడే తెలిసింది. పిల్లలు చెప్పే అబద్ధం కూడా మాకు ఆచూకీయే. కానీ యాప్‌లో కొత్త పేరు రాస్తే పాతది చెరిగిపోతుంది. బొమ్మకు అసలు చోటే లేదు. ‘ఇతర వివరాలు’ గడిలో 200 అక్షరాలకు మించి పట్టవు. తెలుగులో రాస్తే మూడు నాలుగు వాక్యాలకే నిండిపోతుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని కంప్యూటర్ ఆరుగా లెక్కపెడుతుంది మరి!

ఫొటో ఎక్కించబోతే సగంలో ఆగిపోతుంది, మళ్లీ మొదటి గడి నుంచి నింపుకుంటూ రావాలి. అందుకని ఫొటో వాట్సాప్ గ్రూపులో పడుతుంది. పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ అని అదే చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది. తెలిసే చేస్తున్నాం. నేనూ చేశాను.

ఇంతా చేసి, ఇదే పిల్లవాడు ఇంతకుముందు మరో స్టేషన్‌లో దొరికాడా అని అడిగితే యాప్ చెప్పదు. నెలాఖరున ఎన్ని కేసులో పై అధికారులకు మాత్రం టక్కున చెబుతుంది.

దీన్ని మార్చి కొత్తది తయారు చేస్తున్నారని విన్నాను. ప్రతి గడికీ ‘ఇంకా చెప్పలేదు’ అనే వీలు ఇవ్వండి. సిగ్నల్ లేనప్పుడు రాసింది ఫోనులో దాచుకుని తర్వాత పంపనివ్వండి. పిల్లలు చెప్పిన మాటలు, మార్చి చెప్పినవి సహా, వేళతో పాటు నిలిచి ఉండేలా చూడండి. తయారు చేసేవారు ఒక్క రాత్రి మాతో ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే మిగతావి అక్కడే చూపిస్తాను. దుప్పటి తెచ్చుకోండి, దోమలు ఎక్కువ.

– ఒక క్షేత్రస్థాయి కార్యకర్త, తిరుపతి
(పేరు ప్రచురించవద్దని మనవి)