ఆ సీలు కవరు ఇంకా విప్పలేదు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ఒక బోధనాసుపత్రిలో క్లినికల్ రీసెర్చ్ కో-ఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. పదకొండేళ్లుగా ఇదే పని. నేను డాక్టర్ని కాదు, సైంటిస్టునీ కాదు. వాళ్లకీ రోగికీ మధ్య కూర్చునే మనిషిని. ట్రయల్లో, అంటే ఒక మందు పనిచేస్తుందో లేదో మనుషుల మీద చూసే పరీక్షలో, చేరతారా అని అడిగేది మేమే. సమ్మతి పత్రం చదివి వినిపించేది, శాంపిల్ తీయించి ల్యాబుకి పంపేది, తారీఖు దాటిపోతే ఫోన్ చేసి పిలిచేది కూడా మేమే.

మొన్న ఓపీ బయట ఒక పెద్దాయన నన్ను గుర్తుపట్టి ఆపారు. నాలుగేళ్ల కిందట మా ట్రయల్లో ఉన్నారాయన. గుండె బలహీనపడిన వాళ్లకి, వేరే జబ్బుకి ఎన్నాళ్లనుంచో వాడుతున్న ఒక పాత మందు ఏమైనా ఉపయోగపడుతుందా అని చూసిన ట్రయల్ అది. సగం మందికి మందు, మిగతా సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు, నాకూ తెలియదు. ఏడాది పాటు ఏడుసార్లు వచ్చారాయన. ఒక్క తారీఖు కూడా తప్పలేదు.

వచ్చిన ప్రతిసారీ ఆరు నిమిషాల నడక పరీక్ష ఉండేది. వార్డు వెనక కారిడార్లో ముప్పై మీటర్లు కొలిచి, ఆ చివరా ఈ చివరా నేలకి రంగు టేపు అంటించాం. ఆరు నిమిషాల్లో రోగి ఎంత దూరం నడవగలరో చూడాలి. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేదాన్ని. ఆయన నాలుగు రౌండ్లు తిరిగేసరికి ఆయాసం వచ్చి గోడకి చెయ్యి ఆనించేవారు. ఆగిపోతే పర్లేదండీ అని నేను అంటే, "టైం ఇంకా ఉంది కదమ్మా" అని మళ్లీ నడిచేవారు. ఆ నంబర్లన్నీ నా చేతిరాతతో ఫారాల్లో ఉన్నాయి.

మొన్న ఆయన నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. "అమ్మా, అప్పుడు నాకిచ్చింది నిజం మందా, ఉత్తదా?" అన్నారు ముందు. తెలియదండీ అన్నాను. "సరే, అది పోనీ. ఆ మందు పనిచేస్తుందో లేదో తేలిందా?" అన్నారు. దానికి కూడా నేను తెలియదనే చెప్పాను. ఆయన కోప్పడలేదు. తల ఊపి మందుల కౌంటరు వైపు వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎందుకు తెలియదో ఉన్నదున్నట్టు చెబుతాను. ట్రయల్ మొదలుపెట్టిన ప్రొఫెసర్ గారు వేరే చోటికి వెళ్లిపోయారు. ఆయన స్థానంలో వచ్చినవారి పరిశోధన వేరు. గ్రాంటు డబ్బు చివరి రోగి చివరి విజిట్‌తోనే అయిపోయింది. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుందని గ్రాంటు రాసినప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. డేటా శుభ్రం చెయ్యాలి, లెక్క కట్టాలి, పేపరు రాయాలి. లెక్క కట్టడానికి స్టాటిస్టీషియన్ కావాలి. మా సంస్థ మొత్తానికి ఉన్నది ఒక్కరే. ఆవిడ టేబుల్ మీద మాలాంటివాళ్ల ఫైళ్లు ఎప్పుడూ వరసలో ఉంటాయి. ఒక్కో రోగి వివరాలు రాసిన కేస్ రికార్డు ఫారాలు అట్టపెట్టెల్లో స్టోర్ రూములో ఉన్నాయి. రక్తం నుంచి తీసిన సీరం శాంపిళ్లు మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్లో ఉన్నాయి. ఆ ఫ్రీజర్ ఉష్ణోగ్రత రోజుకి రెండుసార్లు ఇప్పటికీ రాస్తూనే ఉన్నాం. ఎవరికి మందు వెళ్లిందో, ఎవరికి ఉత్త మాత్ర వెళ్లిందో చెప్పే జాబితా సీలు వేసిన కవర్లో ఫార్మసీ బీరువాలో ఉంది. ఆ సీలు ఇంకా ఎవరూ తీయలేదు.

ఇందులో ఎవరూ దొంగతనం చెయ్యలేదు, ఎవరూ అబద్ధం రాయలేదు. ఒక్కొక్కరూ తమ పని తాము చేశారు. అయినా రెండొందల మందికి పైగా ఇచ్చిన రక్తం, నడిచిన నడక, పెట్టిన సమయం ఆ బీరువాలో, ఆ ఫ్రీజర్లో ఇరుక్కుపోయాయి.

మంత్రి గారూ, చిన్న ఆసుపత్రిలో చిన్న ట్రయల్, ఫలితం రాకపోతే కొంపలేం మునిగిపోతాయి అని మీ అధికారులు అనవచ్చు. ఒక పాత సంగతి చెబుతాను. 1980లో బ్రిటన్‌లో కొందరు డాక్టర్లు లార్కైనైడ్ అనే మందును గుండెపోటు వచ్చినవాళ్ల మీద పరీక్షించారు. గుండె లయ తప్పకుండా చూసే మందు అది. ట్రయల్లో ఉన్నది దాదాపు వంద మంది. మందు తీసుకున్నవాళ్లలో తొమ్మిది మంది చనిపోయారు, ఉత్త మాత్ర తీసుకున్నవాళ్లలో ఒక్కరు. ఇంత చిన్న ట్రయల్లో ఇది యాదృచ్ఛికం అయ్యుంటుందని వాళ్లు అనుకున్నారు. వ్యాపార కారణాలతో ఆ మందును అభివృద్ధి చేసే పనే ఆగిపోయింది కాబట్టి ఫలితాన్ని అచ్చువేయకుండా పక్కన పెట్టేశారు. చివరికి అది 1993లో అచ్చయింది. రాసింది ఆ డాక్టర్లే. సకాలంలో బయటికి వచ్చుంటే ముందే హెచ్చరికగా పనికొచ్చేదని వాళ్లే ఒప్పుకున్నారు.

ఈ పదమూడేళ్లలో అదే తరహా వేరే మందులు గుండెపోటు రోగులకు విరివిగా రాశారు. అమెరికాలో క్యాస్ట్ అనే పెద్ద ట్రయల్ పెట్టాక, 1989లో, ఆ తరహా మందులే అయిన ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ తీసుకున్న 730 మందిలో 56 మంది చనిపోయారని, ఉత్త మాత్ర తీసుకున్న 725 మందిలో 22 మందే చనిపోయారని తేలింది. ట్రయల్లో ఆ రెండు మందులు ఇవ్వడం మధ్యలోనే ఆపేశారు. ఈసీజీలో లయ సరిచేసే మందు మనిషిని కూడా కాపాడుతుందని అంతవరకూ అందరూ నమ్మారు. ఆ తొమ్మిది మరణాల సంగతి 1980లోనే నలుగురికీ తెలిసుంటే ఎంతమంది బతికేవారో నేను లెక్క చెప్పలేను. కానీ మా ఫార్మసీ బీరువా ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ నాకు ఆ తొమ్మిది మందే గుర్తొస్తారు.

మా కవర్లో కూడా ఏముందో మాకు తెలియదు కదా. మందు మేలు చేసిందేమో. ఏమీ చెయ్యలేదేమో. కీడు చేసిందేమో. ఇంకో చోట ఇంకెవరో ఇదే ప్రశ్నతో ఇంకో ట్రయల్ మొదలుపెట్టి, ఇంకో రెండొందల మందిని ఇలాగే నడిపిస్తున్నారేమో.

ఇవన్నీ ప్రపంచానికి తెలియనివి కావు. ట్రయల్‌ని ముందే రిజిస్ట్రీలో, అంటే అందరూ చూడగలిగే జాబితాలో, నమోదు చెయ్యకపోతే దాని పేపరు తాము అచ్చువేయబోమని పెద్ద వైద్య పత్రికల సంపాదకులు 2004లో ప్రకటించి, 2005 జూలై నుంచి మొదలయ్యే ట్రయల్స్‌కి దాన్ని అమలుచేశారు. అమెరికా 2007లో చేసిన చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ట్రయల్స్‌కి ప్రధాన ఫలితం కోసం చివరి రోగి నుంచి సమాచారం సేకరించడం ముగిసిన ఏడాదిలోపు ఫలితాలను రిజిస్ట్రీలో పెట్టాలి. యూరప్ కొత్త నియమావళి 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఏడాదిలోపు ఫలితాల సారాంశంతో పాటు, మామూలు మనిషి చదివితే అర్థమయ్యే సారాంశం కూడా ఇవ్వాలి. ఈ రెండో సారాంశం గురించి మొదటిసారి విన్నప్పుడు నాకు చాలా సంతోషమేసింది. ఆ పెద్దాయన అడిగింది అదే. వైద్య పరిశోధనల్లో పాటించాల్సిన నీతి నియమాలు చెప్పే హెల్సింకి ప్రకటన కూడా, ఫలితం అనుకూలమైనా కాకపోయినా బయటపెట్టాలనీ, పాల్గొన్నవాళ్లు కోరితే వాళ్లకి చెప్పాలనీ స్పష్టంగా అంటోంది. మా సమ్మతి పత్రంలో మూడో పేజీలో ఆ వాక్యం ఉంది. దాన్ని రెండొందల మందికి పైగా నా నోటితో నేనే చదివి వినిపించాను.

రూలు ఒక్కటే పెడితే పని కాదు సార్, అది నా అనుభవం. మా ట్రయల్ రిజిస్ట్రీలో ఉంది. దాని పక్కన "ఫలితాలు రావలసి ఉంది" అని నాలుగేళ్లుగా ఉంది. జరిమానా వేస్తే ఎవరికి వేస్తారు? వెళ్లిపోయిన ప్రొఫెసర్‌కా, ఒక్కరే ఉన్న స్టాటిస్టీషియన్‌కా?

మనుషులుంటే ఏం జరుగుతుందో 2020లో చూశాం. బ్రిటన్‌లో కోవిడ్ మందులను పరీక్షించిన రికవరీ ట్రయల్ మార్చి నెలలో మొదటి రోగిని చేర్చుకుంది. ప్రశ్న సూటిగా ఉంది, ఫారం పొట్టిగా ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, మాలాంటి కో-ఆర్డినేటర్లు, రీసెర్చ్ నర్సులు అక్కడి ఆసుపత్రుల్లో అప్పటికే ఉన్నారు. కొత్తగా వెతికి తెచ్చుకోవాల్సిన అవసరం రాలేదు. జూన్ 5న, ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచెయ్యదని చెప్పేశారు. జూన్ 16న, డెక్సామెథసోన్ పనిచేస్తుందని, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను మూడో వంతు దాకా తగ్గిస్తుందని చెప్పారు. రోజుకి ఆరు మిల్లీగ్రాములు, పది రోజుల దాకా, ఎక్కడైనా దొరికే చవక మందు. నన్నడిగితే జూన్ 5 ప్రకటన కూడా రెండోదానికి ఏమాత్రం తీసిపోదు. ఆ రోజుల్లో ఎంత టెన్షన్‌లో ఎంతమందికి హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు రాశారో మీకూ గుర్తుండే ఉంటుంది. పనిచెయ్యదని గట్టిగా చెప్పగలగడం కూడా వైద్యమే.

కాబట్టి మిమ్మల్ని నేను అడిగేది కొత్త భవనం కాదు, కొత్త యంత్రం కాదు. ప్రతి బోధనాసుపత్రిలో స్టాటిస్టీషియన్లకీ డేటా మేనేజర్లకీ శాశ్వత పోస్టులు ఇవ్వండి. ఒక ప్రాజెక్టు అయిపోగానే ఇంటికి వెళ్లిపోయే పోస్టులు వద్దు. నా సంగతే చూడండి, పదకొండేళ్లలో తొమ్మిది కాంట్రాక్టుల మీద సంతకం పెట్టాను. కాంట్రాక్టు అయిపోయిన కో-ఆర్డినేటర్‌తో పాటు, ఆ రోగి ఏ రోజు ఎందుకు రాలేదో, ఏ ఫారంలో కొట్టివేత ఎందుకుందో తెలిసిన ఒకే ఒక్క మనిషి వెళ్లిపోతుంది.

గ్రాంటు ఇచ్చేటప్పుడే విశ్లేషణకీ ప్రచురణకీ కొంత డబ్బు విడిగా పెట్టించండి, దాన్ని ఇంకో ఖర్చుకి ముట్టుకోకుండా చూడండి. ట్రయల్‌కి సంస్థే బాధ్యత వహించాలి. ప్రొఫెసర్ గారు వెళ్లిపోతే ఎవరు పూర్తి చేస్తారో కాగితం మీద పేరు రాసి ఉంచాలి. ఆ పేరు లేకుండా, ట్రయల్స్‌ని ముందే పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి ఇవ్వకూడదు.

ఇక అన్నిటికన్నా నాకు దగ్గరైన విన్నపం ఒకటుంది. ట్రయల్ ముగిశాక పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఒక ఉత్తరం వెళ్లాలి. ఒక్క పేజీ చాలు. మీరు ఈ ట్రయల్లో ఉన్నారు, మేము ఈ ప్రశ్న అడిగాం, జవాబు ఇది, మీకు ఇచ్చింది ఇది, మీరిప్పుడు చెయ్యాల్సింది ఏమైనా ఉంటే ఇది. చదవలేనివాళ్లకి ఫోన్ చేసి చెప్పాలి. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు తెలుసుకోవాలనుకుంటే వాళ్లకీ చెప్పాలి. ఈ ఫోన్లు చెయ్యడానికి కొత్తగా ఎవరినీ పెట్టక్కర్లేదు, మేము చేస్తాం. చేరేటప్పుడు ఫోన్ చేసింది మేమే కదా.

రోగులు ఎందుకు చేరతారో నాకు తెలుసు. కొందరు డాక్టరు గారు చెప్పారని చేరతారు, కొందరు పరీక్షలు ఉచితంగా జరుగుతాయని చేరతారు. కానీ సంతకం పెట్టేముందు చాలామంది అనే మాట ఒకటుంది: "నాకు కాకపోయినా నా తర్వాతవాళ్లకైనా పనికొస్తుంది కదా." వేలిముద్ర వేసేవాళ్లు కూడా, పక్కన సాక్షి నిలబడి ఉండగా, ఇదే మాట అంటారు. వాళ్లు పెట్టిన షరతు అదొక్కటే. దాన్ని ఏ ఫారంలోనూ మేము రాసుకోలేదు.

మీరు ఎప్పుడైనా మా ఆసుపత్రికి వస్తే, కొత్త బ్లాకుతో పాటు ఆ స్టోర్ రూమూ, ఆ ఫార్మసీ బీరువా కూడా చూడమని కోరుతున్నాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. ఆ కవరు విప్పాలంటే కావలసింది ఒక స్టాటిస్టీషియన్, మూడు నెలల సమయం, ఈ పని పూర్తి చెయ్యండని మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు.

ఆ పెద్దాయన చెకప్‌కి మళ్లీ వచ్చేది మూడు నెలల తర్వాతే. తారీఖు నేను రాసిపెట్టుకున్నాను.

ఇట్లు,
ఒక బోధనాసుపత్రి రీసెర్చ్ కో-ఆర్డినేటర్