నా చెవి గోల ఓపిగ్గా విన్నవాళ్ళందరికీ థాంక్స్

అందరికీ నమస్కారం. ఎప్పట్నించో పెట్టాలనుకుంటున్న పోస్ట్ ఇది, మంత్ ఎండ్ పనుల్లో పడి కుదర్లేదు. ముందు థాంక్స్ చెప్పాల్సింది నా వినికిడి పరీక్షలు చేసిన ఆడియాలజిస్ట్ మేడంకి, పేరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు. తర్వాత మా బావకి, ఆ తర్వాత మా పై పోర్షన్ పిన్నిగారికి.

సంగతేంటంటే నాన్నకి బైపాస్ అయిన దగ్గర్నించి నాకు రెండు చెవుల్లోనూ కుయ్‌య్‌మని ఒకటే హోరు. పగలు పెద్దగా తెలిసేది కాదు, మాది పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసు, ఫోన్లు, కంటైనర్ ఇంకా ఎందుకు కదల్లేదని పార్టీల అరుపులు, ఆ గోలలో ఇదెక్కడ వినిపిస్తుంది. రాత్రి లైట్ తీసేస్తే మాత్రం మొదలు. దానికి తోడు అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు వేసినట్టు చెవులు దిబ్బడ, ఆవులిస్తే ఒక్క క్షణం వదిలి మళ్ళీ పట్టేసేది. షీలానగర్ దగ్గర లారీవాడు హారన్ కొడితే బండి పక్కకి ఆపేసుకునేవాణ్ణి, అంత భరించలేకపోయేవాణ్ణి.

ముందు చూపించుకున్న ఒకచోట రెండు నిమిషాల్లో చూసేసి చెవి బాగానే ఉంది, అంతా మీ భ్రమ, టెన్షన్ తగ్గించుకోండి అని మాత్రలు రాసి పంపేశారు. తగ్గించుకోమంటే తగ్గిపోయేదైతే అంత ఫీజు కట్టి అక్కడిదాకా ఎందుకెళ్తాం చెప్పండి. ఇంట్లో చుట్టాలైతే ఒకరు వెల్లుల్లి నూనె పొయ్యమని, ఇంకొకరు దిష్టి అని.

అప్పుడు మా బావ సెలవు పెట్టి మరీ వచ్చి ఈ మేడం దగ్గరికి తీసుకెళ్ళాడు. గాజు తలుపున్న చిన్న గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి, బీప్ వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. తర్వాత చెవిలో చిన్న రబ్బరు మూత పెట్టి గాలి ఒత్తిడి మారుస్తూ ఇంకో టెస్ట్. అయ్యాక గ్రాఫ్ నా వైపు తిప్పి పెట్టి, ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి, 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా అన్నీ 25 డెసిబెల్స్ లోపే ఉన్నాయి సార్, వినికిడి నార్మల్, అయినా మీకు వినిపిస్తున్న సౌండ్ మాత్రం నిజమే అన్నారు. నిజమే అన్న ఆ ఒక్క మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ చెప్పింది నాకర్థమైనంతలో ఇది. 1953లో అమెరికాలో వినికిడి బాగున్న 80 మందిని సౌండ్ రాని గదిలో కాసేపు కూర్చోబెడితే వాళ్ళలో 94 శాతం మందికి ఏదో ఒక శబ్దం వినపడిందట. అంటే లోపల ఎంతో కొంత సౌండ్ చాలామందికి ఉంటుంది, మెదడు దాన్ని లెక్కచెయ్యదు అంతే. మనం బెంగలో ఉన్నప్పుడు ఒళ్ళంతా ప్రమాదం కోసం కాపలా కాస్తుంటుంది, అప్పుడు ఆ చిన్న సౌండ్ కూడా దానికి ప్రమాదంలానే కనిపించి పట్టుకుంటుంది, పట్టుకున్నకొద్దీ మనకి భయం, భయపడినకొద్దీ ఇంకా గట్టిగా వినపడటం. మాత్ర వేసి ఈ గొలుసు తెంచడం కష్టమట.

ఇంకోటి, నా దవడ మీద చెవి ముందు వేలు పెట్టి నొక్కి, గట్టిగా పళ్ళు బిగించమన్నారు, హోరు టోన్ మారిపోయింది! నిద్రలో పళ్ళు కొరుకుతున్నానట, మా ఆవిడ ఎప్పట్నించో చెప్తూనే ఉంది. కర్ణభేరిని లాగి పట్టే చిన్న కండరానికీ నమిలే కండరాలకీ వచ్చే నరం ఒకటేనంట, కంగారులో అది బిగుసుకుంటే దిబ్బడ వేసినట్టు ఉండొచ్చు, పెద్ద సౌండ్‌కి చెవి అదరొచ్చు. డెంటిస్ట్ దగ్గర నైట్ గార్డ్, అదే రాత్రి పళ్ళకి పెట్టుకునే తొడుగు, చేయించుకున్నా, పొద్దున్న దవడ నొప్పి బాగా తగ్గింది.

చెవుల్లో దూది పెట్టుకు తిరగొద్దన్నారు, దానివల్ల చెవి ఇంకా నాజూకైపోతుందట. రాత్రి పూర్తి నిశ్శబ్దం వద్దు, ఏదైనా తక్కువ సౌండ్ ఉండనివ్వండి అన్నారు. సైకాలజిస్ట్ దగ్గర సీబీటీ, అంటే మాట్లాడిస్తూ మన ఆలోచనల తీరు మార్చే థెరపీ, అది కూడా నడుస్తోంది, సౌండ్‌ని మాయం చెయ్యదు గానీ దానితో వచ్చే భయాన్ని తగ్గిస్తుంది. హోరు ఇప్పటికీ ఉంది. ఓడ లేటైన రోజు కాస్త పెరుగుతుంది, అయినా పడుకుంటే నిద్ర పడుతోంది.

ఇది చదివి మీ చెవిది కూడా టెన్షనే అని మీకు మీరే తేల్చేసుకోకండి ప్లీజ్. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే అది ఎమర్జెన్సీ, అదే రోజు ఈఎన్‌టీ దగ్గరికి పరిగెత్తాలి, మందు మొదలుపెట్టడం లేటైతే వినికిడి తిరిగి రావడం కష్టం. ఒక్క చెవిలోనే హోరు వస్తున్నా, గుండె కొట్టుకున్నట్టు చెవిలో దబ్ దబ్ మంటున్నా, కళ్ళు తిరుగుతున్నా తప్పకుండా చూపించుకోండి. బెంగ ఎక్కువై ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ అని గవర్నమెంట్ వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక పిన్నిగారు. ఏటైంది నాన్నా రాత్రుళ్ళు డాబా మీద తిరుగుతున్నావు అని అడిగి, సంగతి విని, మారు మాట్లాడకుండా వాళ్ళ పాత టేబుల్ ఫ్యాన్ తెచ్చిచ్చారు, గాలి తక్కువ సౌండ్ ఎక్కువ, నాకు కావల్సింది అదే. పిన్నిగారూ, మొన్న బాబాయ్‌గారు ఆ ఫ్యాన్ ఏదని వెతుకుతున్నారని తెలిసింది, ఇంకో నెల ఉంచుకుంటానని మీరే ఎలాగోలా చెప్పండి.