నయం కానివాళ్ల సాక్ష్యం కూడా వినండి

అయ్యా,

చర్చిల్లో దేవుడు తమకు చేసిన మేళ్ల గురించి నలుగురి ముందు చెప్పే సాక్ష్యాలు వింటుంటే వీసా ఆఫీసు బయట లైన్లో నిలబడ్డట్టు ఉంటోందని ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు. చదివి నవ్వుకున్నాను. ఆయన అన్నదాంట్లో సగం నిజమే. మా సికింద్రాబాద్‌లోనే చూడండి, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మైకు దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అమ్మాయికి అమెరికా వీసా వచ్చిందనో, ఉప్పల్ వైపు ఫ్లాట్ కొన్నామనో, రిపోర్టులు నార్మల్ వచ్చాయనో చెబుతారు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొడతాను. మేలు జరిగినవాళ్లు కృతజ్ఞత చెప్పుకుంటే తప్పేముంది? నా బాధల్లా, అడిగింది దొరకనివాళ్లకు ఆ మైకు ఎవరూ ఇవ్వరు. దాంతో బయటివాళ్లకే కాదు, మా పిల్లలకు కూడా క్రైస్తవుల సంతోషమంటే ఇంతేనేమో అనిపిస్తోంది.

మా ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లిన ప్రతిసారీ మెషీన్ దగ్గర నాలుగేసి గంటలు. నీళ్లు కొలిచి తాగాలి. కొబ్బరినీళ్లు వద్దు, అరటిపండు వద్దు. కూరగాయల్ని చిన్న ముక్కలుగా కోసి వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి అప్పుడు వండాలి. ఉప్పు పేరుకే. ఇక రుచి ఏముంటుంది? మా చర్చిలో ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రిలో ఒకావిడ ఆ వంట పద్ధతి నా దగ్గర అడిగి తెలుసుకుని, వారానికోసారి అలాగే వండి తెచ్చేది. ఇంటికొచ్చి పెద్ద పెద్ద ప్రార్థనలు చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. రెండు ముక్కల్లో ప్రార్థన ముగించి, మా వంటింట్లో గిన్నెలు కూడా కడిగి వెళ్లింది మాత్రం ఆవిడొక్కతే.

ఆయన మెషీన్ మీద పడుకుని పాత కీర్తనలు పాడుకునేవారు. శ్రుతీ లేదు, తాళమూ లేదు. పక్క బెడ్‌కి యాకుత్‌పురా నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. తస్బీ (జపమాల) తిప్పుకుంటూ, పాట వినిపించకపోతే "ఆజ్ గానా నై క్యా భాయ్?" (ఇవాళ పాట లేదా తమ్ముడూ?) అని అడిగేవారు. పూర్తిగా బాగైపోతామన్న భ్రమ ఆ గదిలో ఎవరికీ లేదు. అయినా నవ్వులు వినిపించేవి. "ఇంటికి పోయినా ప్రభువుతోనే, పైకి పోయినా ప్రభువు దగ్గరికే, టెన్షన్ ఎందుకే?" అనేవారు మా ఆయన. రోజూ అలాగే ఉండేవారని చెప్పను. కొన్ని రోజులు గోడవైపు తిరిగి పడుకుని పలకరించినా పలికేవారు కాదు.

అలాంటి రోజునే ఒక బోధకుడు వచ్చి, మీ విశ్వాసం చాలక స్వస్థత ఆగిపోయింది అన్నారు. ఆ బోధకుడికి తెలియకపోదు, అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వదలని ఒక బాధ, తీసేయమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని. ముల్లు పోయిందని బైబిల్లో ఎక్కడా లేదు. మరి పౌలుకూ విశ్వాసం చాలలేదా? "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి ఫిలిప్పీ ఊరి సంఘానికి రాసింది ఆ పౌలే. అదే పత్రికలో, జబ్బుపడి చావు దాకా వెళ్లొచ్చిన తన తోటి పనివాడు ఎపఫ్రొదితు గనక దక్కకపోతే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని కూడా దాచుకోకుండా చెప్పాడు.

మా అమ్మ తరఫువాళ్లది మెదక్ వైపు. క్రిస్మస్‌కి హైదరాబాద్ నుంచి బస్సులెక్కి అందరూ వెళ్లే ఆ పెద్ద చర్చి కట్టింది మంచి పంటలు పండిన కాలంలో కాదు. పోస్నెట్ దొర అనే మిషనరీ కరువులో అన్నంలేని జనానికి పని చూపించి తిండి పెట్టి కట్టించినది. 1914లో మొదలైతే 1924 క్రిస్మస్ నాటికి ప్రతిష్ఠ అయింది. అంజూరపు చెట్లు పూయకపోయినా, పొలాల్లో పంట రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తానన్న హబక్కూకు ప్రవక్త మాట ఆ తరానికి గోడకు తగిలించుకునే వాక్యం కాదు, వాళ్ల ఇంటి పరిస్థితే. ఇప్పుడు అదే వాక్యాన్ని పూలబొమ్మ వేసి వాట్సాప్‌లో పంపుకుంటున్నాం.

మా ఆయన పోయాక, ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికలో నన్ను ఏడవొద్దన్నారు. ప్రభువు దగ్గరికి వెళ్లినవాళ్ల కోసం ఏడిస్తే సాక్ష్యం చెడిపోతుందట! చనిపోయిన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు కదా. 88వ కీర్తన అయితే చీకటే చుట్టమైందంటూ ముగుస్తుంది, ఆఖర్న ఒక్క ఓదార్పు మాట కూడా ఉండదు. దాన్ని కూడా బైబిల్లోనే ఉంచారు, చింపి పారేయలేదు. నేను బాగానే ఏడ్చాను. ఇప్పటికీ కూరలో సరిపడా ఉప్పు వేయాలంటే చెయ్యి ఆగుతుంది. కానీ రిపోర్టు కవరు విప్పేముందు ఒకప్పుడు పట్టుకున్న వణుకు ఇప్పుడు దేనికీ రావడం లేదు. దేవుడి ముందు బాగున్నట్టు నటించాల్సిన పని లేదని ఆ మెషీన్ పక్కన కూర్చునే తెలుసుకున్నాను. పొద్దున్నే లేచి ప్రార్థనకు కూర్చుంటే మనసు తేలికగా ఉంటుంది. దీన్ని సంతోషమనే అంటాను, ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

అందుకే మా చర్చి పాస్టర్లను, అయ్యగార్లను అడుగుతున్నాను. ఈసారి డిసెంబరు 31 రాత్రి, అడిగింది దొరకనివాళ్లకు కూడా ఒక పది నిమిషాలు ఇవ్వండి. నాకు ఇస్తే భయపడకుండా చెబుతాను. మీ పత్రికకూ ఒక మనవి. క్రిస్మస్ పేజీల్లో ఏటా నక్షత్రాలు, కేకులు, గాయకబృందాల ఫొటోలు వేస్తున్నారు, వెయ్యండి. వాటి పక్కనే ఏదో ఒక డయాలసిస్ వార్డులోనో క్యాన్సర్ వార్డులోనో పండగ చేసుకునేవాళ్ల దగ్గరికి ఒక విలేకరిని పంపి, వాళ్లేం చెబుతారో అది కూడా అచ్చు వేయండి.

— ఒక పాఠకురాలు, మెట్టుగూడ, సికింద్రాబాద్