గది కొలవకుండా లీటర్ల లెక్క ఎలా తేలుతుంది?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఇంటి అలంకరణ పేజీ ఎప్పుడొచ్చినా చదువుతానండి, ఏ గదికి ఏ కలర్ బాగుంటది, ఏ గోడ హైలైట్ చెయ్యాలి లాంటివి బానే రాస్తున్నారు గానీ అసలు పెయింట్ ఎన్ని లీటర్లు కొనాలి అన్న ముక్క మాత్రం ఎక్కడా కనపడట్లేదు. షాపులో అడిగితే ఇల్లు ఎన్ని స్క్వేర్ ఫీట్ అంటారు, పెయింటర్ని అడిగితే గుమ్మంలో నిలబడి అటూ ఇటూ ఓసారి చూసి ఒక బకెట్ పడుద్దిలెండి అంటాడు. టేపు తీసేవాళ్ళు ఎవరూ లేరు.

ఇంటి స్క్వేర్ ఫీట్ అంటే నేల లెక్క కదా, మనం రంగేసేదేమో గోడలకి. 12 బై 10 గది తీసుకోండి, నేల 120 చదరపు అడుగులు, చుట్టుకొలత 44, ఎత్తు 10 అడుగులనుకుంటే గోడలు 440. ఇప్పుడు సన్నగా పొడుగ్గా 20 బై 6 ఉన్న గది చూడండి, నేల అదే 120, కానీ చుట్టుకొలత 52 కాబట్టి గోడలు 520 అయిపోయాయి. నేల ఒకటే, గోడల్లో 80 అడుగుల తేడా! అందుకే చిన్న చిన్న గదులు ఎక్కువున్న ఇంటికీ పెద్ద హాలున్న ఇంటికీ విస్తీర్ణం ఒకటే అయినా రంగు ఒకేలా పట్టదు.

ఆ 440లోంచి తలుపు 7 బై 3 అంటే 21, కిటికీ 4 బై 4 అంటే 16 తీసేస్తే 403 మిగుల్తాయి. నన్నడిగితే చిన్న కిటికీ ఒక్కటే ఉంటే తియ్యకపోయినా పర్లేదు, రోలర్ పీల్చుకునేదీ ట్రేలో అంటుకుపోయేదీ దాంట్లో సరిపోద్ది. గోడ మొత్తం కప్పేసే కప్‌బోర్డులుంటే మాత్రం తియ్యాల్సిందే. సీలింగ్ రంగు వేరే కాబట్టి దాని లెక్క విడిగా వేసుకోవాలి.

ఇక డబ్బా మీద రాసే అంకె. లీటరుకి 120 చదరపు అడుగులు అని ఉంటే అందరూ గోడ కొలతని 120తో భాగించేసి అయిపోయిందనుకుంటారు. ఆ అంకె చాలావాటి మీద ఒక్క కోటుకి, అదీ నున్నటి గోడకి ఇచ్చేది, కొన్నిటి మీద రెండు కోట్లకి ఇస్తారు, పక్కన చిన్నక్షరాల్లో ఏముందో చదవాలి. మన గదికి రెండు కోట్లంటే 806, 120తో భాగిస్తే 6.7 లీటర్లు, అంటే రెండు 4 లీటర్ల డబ్బాలు సరిపోయి టచప్‌కి లీటరు పైనే మిగులుద్ది, పది లీటర్ల బకెట్ అక్కర్లేదు. కొన్ని డబ్బాల మీద చదరపు మీటర్లలో ఉంటది, 12 అని చూసి ఇంతేనా అనుకోవద్దు, 10.76తో గుణిస్తే అది 129 చదరపు అడుగులు.

ఇదంతా గోడ బాగున్నప్పటి మాట. కొత్త ప్లాస్టరింగ్ అయినా, లప్పం పెట్టి ప్రైమర్ వెయ్యకుండా వదిలేసినా గోడ రంగుని తాగేస్తది, గరుకు గోడకీ ఎక్కువే పడుద్ది. ముదురు గోడ మీద లేత రంగు వెయ్యాలన్నా, మంచి పసుపు ఎరుపు లాంటి షేడ్లన్నా రెండు కోట్లతో కింది రంగు కప్పుకోదు, మూడో కోటు పడితే అదే గదికి 1209 అడుగులు, అంటే 10 లీటర్ల పైమాటే, అప్పుడు ఇందాక వద్దన్న పది లీటర్ల బకెట్ కూడా చాలీచాలకుండా అవుద్ది. రంగు చాలట్లేదని నీళ్ళు ఎక్కువ కలిపి లాగించే పెయింటర్లున్నారు చూడండి, పలచబడిన కోటు కప్పదు, మళ్ళీ ఇంకో కోటు కావాలి, మిగిల్చిందేముంది చెప్పండి?

మిషన్లో కలిపించిన షేడ్ మిగిలితే మామూలుగా షాపు వాళ్ళు వెనక్కి తీసుకోరు. అలాగని తక్కువ కొని మధ్యలో ఇంకో డబ్బా తెస్తే రెండు బ్యాచ్‌లకీ షేడ్ కొంచెం తేడా రావచ్చు, గోడ మధ్యలో అతుకు వేసినట్టు కనపడుద్ది. అందుకని డబ్బాలన్నీ ఒకేసారి కొని పెద్ద బకెట్లో పోసి కలుపుకుని మొదలెట్టాలి, నిజంగానే తక్కువైతే మూల దాకా ఒక గోడ పూర్తిచేసి కొత్త డబ్బా పక్క గోడకి వాడాలి.

ఈ లెక్కని ఆ పేజీలో ఒక మూల చిన్న బాక్సులా వేస్తే కత్తిరించి దాచుకుంటామండి. షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు, గదికి ఎన్ని లీటర్లు పట్టిందీ రాసుకోడానికి కింద రెండు ఖాళీ గీతలు కూడా వదలండి.

ఇట్లు,
మీ పాఠకురాలు