ఆగస్టు బిల్లులో కొత్తగా వచ్చే వరుస గురించి

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల పెద్దలకు, నర్సింగ్ హోమ్‌ల, స్కూళ్ల యాజమాన్యాలకు, మా హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ మనుషులను పెట్టుకున్న అందరికీ నమస్కారం.

రెండు సంగతులు చెప్పాలి. 2026 ఆగస్టు నెల బిల్లులో 'సెలవు వేతనం' అని ఒక వరుస కొత్తగా కనిపిస్తుంది. రెండోది, మన మనుషులు 40 మంది పని చేస్తున్న ప్రభుత్వ కార్యాలయం కాంట్రాక్టు జులై నెలాఖరుతో ముగుస్తుంది. "మిమ్మల్ని తీసేశారటగా" అని ఇప్పటికే రెండు చోట్ల అడిగారు. ఎవరూ తీసేయలేదు. పొడిగింపు లేఖ వచ్చింది, సంతకం పెట్టకుండా వెనక్కి పంపాం. ఆ కాగితం నకలు మా ఆఫీసులో ఉంది, అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

గొడవంతా ఒప్పందంలోని ఒక్క వాక్యంతో. 'వాస్తవంగా హాజరైన దినాలకు మాత్రమే చెల్లింపు.' చదివితే న్యాయంగానే ఉంటుంది. ఆఫీసుకు సెలవైన రోజున మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, సంతకం ఉండదు, సంతకం లేదు కాబట్టి బిల్లులో ఆ రోజు ఎగిరిపోతుంది. రెగ్యులర్ ఉద్యోగికి ఆగస్టు 15 జీతంతో కూడిన సెలవు. అదే వరండా ఊడ్చే మనిషికి అది జీతం కోత.

లెక్క సులువుగా ఉండటానికి నెల జీతం 13,000 అనుకుందాం. 26తో భాగిస్తే రోజుకు 500. ఈ ఆగస్టులో 31 రోజులు, 5 ఆదివారాలు. మిగిలేవి 26. అందులో 8వ తేదీ రెండో శనివారం, 15 జెండా పండుగ. ఆఫీసు తెరిచేది 24 రోజులు, మధ్యలో పండుగ సెలవు పడితే ఇంకా తక్కువ. ఒక్క రోజు కూడా నాగా పెట్టని మనిషి చేతికి 12,000 వస్తుంది. అక్టోబర్‌లో ఆదివారాలు పోగా 27 రోజులున్నా, 2న గాంధీ జయంతి, 10న రెండో శనివారం, 20న దసరా. మళ్లీ 24కు మించవు. ఫిబ్రవరి మరీ అన్యాయం: 28 రోజుల్లో 4 ఆదివారాలు, ఒక రెండో శనివారం తీసేస్తే మిగిలేవి 23, అంటే 11,500. పోనీ 27 రోజులు పని ఉన్న నెలలో ఒక రోజు ఎక్కువ ఇస్తారా అంటే, '26 దినాలకు మించరాదు' అని ఇంకో వాక్యం ఉంటుంది. తగ్గేటప్పుడు హాజరు లెక్క, పెరిగేటప్పుడు నెల లెక్క.

తప్పు ఎక్కడుందంటే, 26 అనేది రోజు కూలీ తేల్చడానికి వాడే భాగహారం మాత్రమే. నెల జీతంలో వారపు సెలవు ముందే కలిసి ఉంది కాబట్టి 30తో కాకుండా 26తో భాగిస్తారు. దాన్నే హాజరు కొలతగా మార్చి, సెలవులను అందులోంచి మళ్లీ తీసేస్తే, మనిషి దగ్గర రెండుసార్లు కోసినట్టు.

జీతంతో ఆగే నష్టం కూడా కాదిది. పీఎఫ్ నెలవారీ రిటర్నులో ఎన్‌సీపీ డేస్ అని ఒక గడి ఉంటుంది, జీతం లేని రోజులు అందులో రాయాలి. బిల్లుకు జత చేసే పీఎఫ్ కాగితం మస్టర్‌తో సరిపోలాలని ఆఫీసు పట్టుబట్టడంతో జెండా పండుగ కూడా జీతం లేని రోజుగానే ఎక్కింది. పెన్షన్ లెక్కలో ఆ రోజులు తగ్గుతాయి. ఉద్యోగుల ఆరోగ్య బీమా ఈఎస్‌ఐలోనూ అంతే. ఆరు నెలల కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లో 78 రోజులకు చందా కట్టి ఉంటేనే జబ్బు పడినప్పుడు సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. మధ్యలో చేరిన మనిషికి, ఒకసారి ఆపరేషన్ అయి మంచం పట్టిన మనిషికి నాలుగైదు రోజుల తేడా కూడా తేడానే.

చట్టం ఏమంటుందో ఆఫీసుకు రాసి పంపాం. ఉమ్మడి రాష్ట్రంలో 1974లో వచ్చిన జాతీయ, పండుగ సెలవుల చట్టం తెలంగాణలోనూ నడుస్తోంది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, వాటికి తోడు పండుగ సెలవులు, అన్నీ వేతనంతో. ఆ రోజు పని చేయించుకుంటే రెట్టింపు వేతనం ఇవ్వాలి, లేదంటే ఆ రోజు వేతనంతో పాటు బదులుగా ఇంకో రోజు వేతన సెలవు ఇవ్వాలి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ఓటు రోజు కూడా వేతన సెలవే. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి సెక్షన్ చూడండి, రోజు కూలీకి కూడా వర్తిస్తుంది.

వచ్చిన జవాబు నాలుగు మాటలు: నో వర్క్, నో పే. ఆ మాట సమ్మె చేసినవాడికి చెప్పాలి. ఇక్కడ గేటుకు తాళం వేసింది ఎవరు? పైగా ఆగస్టు 15న పొద్దున్నే ఆరింటికి వచ్చి ఆవరణ కడిగి, కుర్చీలు వేసి, జెండా దిమ్మెకు ముగ్గు పెట్టేది ఈ మనుషులే. ఆ రోజు మస్టర్ పుస్తకం బీరువాలో ఉంటుంది, కాబట్టి హాజరు లేదు.

వదులుకోవాలా, భరించాలా అన్నది తేల్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. దారులన్నీ చూశాం. సెలవు రోజు కూడా హాజరు వేయించడం మొదటిది. వేలిముద్ర మిషన్ ఉన్నచోట అది కుదరదు, లేనిచోట చేస్తే అది దొంగ మస్టర్, ఆడిట్‌లో పట్టుబడితే ఆ డబ్బు వెనక్కి కట్టాల్సింది మనమే. సర్వీస్ చార్జి పెంచి కోట్ చేయడం రెండోది. ఎల్‌1, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాళ్ల స్థానం, పోతుంది, టెండరూ పోతుంది, అంతే. మూడోది, మా జేబులోంచి ఇవ్వడం. నిజానికి ఎక్కువ రోజులు ఆలోచించింది దీని మీదే, ఎందుకంటే పరువు దక్కే దారి ఇదొక్కటే అనిపించింది. కానీ ఆగస్టు లెక్క చూడండి. 40 మందికి 2 రోజులు, రోజుకు 500: 40,000. దాని మీద యజమాని వాటా పీఎఫ్ అన్నీ కలిపి 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం: 6,500. మొత్తం 46,500. ఆ కాంట్రాక్టులో మా సర్వీస్ చార్జి 5 శాతం, 5,20,000 జీతాల మీద 26,000. సూపర్‌వైజర్, యూనిఫారాలు, బ్యాంకు గ్యారంటీ కమీషన్ అందులోంచే రావాలి. బిల్లేమో మూడు నెలలకు పాసవుతుంది, జీతం మాత్రం 7వ తేదీ లోపు పడాలి. అంటే మీ అపార్ట్‌మెంట్ల, మీ ఆస్పత్రుల డబ్బుతో ప్రభుత్వ కార్యాలయం సెలవులకు జీతాలిచ్చినట్టవుతుంది. అది మీకు చెప్పకుండా చేయలేం, చెప్పి చేస్తే మీరు ఒప్పుకోరు.

సంతకం పెట్టి, కోత వాళ్ల మీద వేసి ఊరుకోవచ్చు. చాలామంది చేసేది అదే. జీతాలు పడిన రోజు "ఈసారి ఎందుకు తగ్గింది సార్" అని అడిగితే ఆఫీసు వైపు చెయ్యి చూపడం ఇక మా వల్ల కాదు. మొండితనం అంటే మొండితనమే అనుకోండి.

ఇక మీ సంగతి. నెల జీతం లెక్కన బిల్లు కడుతూ, సెలవు రోజున మనిషిని పంపేస్తున్నవాళ్లకు ఒక్క రూపాయి తేడా రాదు. స్కూళ్లు దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి. హాజరు రోజుల లెక్కన కడుతున్నవాళ్లను నెల లెక్కకు మారుస్తున్నాం. మనిషి తనంతట తాను నాగా పెడితే కోత ఉంటుంది, మీరు మూసేసిన రోజుకు ఉండదు. ఇక్కడ మా తప్పూ చెప్పాలి: మీలో కొందరికి ఆ హాజరు లెక్కను అలవాటు చేసింది మేమే, ప్రభుత్వ బిల్లు నమూనానే మీకూ వాడుకుంటూ వచ్చాం.

అసలు మార్పు 24 గంటల పోస్టులకు. మూడు షిఫ్టులు, ఏడాదికి 1,095 డ్యూటీలు. మా జాబితాలో సెలవులు 8: జాతీయ సెలవులు నాలుగు, సంక్రాంతి, ఉగాది, దసరా, నాలుగో పండుగ ఎవరిది వాళ్లకు, రంజాన్, క్రిస్మస్, దీపావళిలో ఏదైనా ఒకటి. ఆ రోజుల్లోనూ గేటు దగ్గర మనిషి ఉండాల్సిందే కాబట్టి మీకు రెండు దారులు. డ్యూటీలో ఉన్న గార్డుకే రెట్టింపు వేతనం ఇస్తే 8 రోజులు, 3 షిఫ్టులు, 500 చొప్పున ఏడాదికి 12,000, అంటే పోస్టుకు నెలకు 1,000. దాని మీద చట్టప్రకారం పడేవి, మా 5 శాతం, జీఎస్‌టీ 18 శాతం అదనం. లేదా అదే నెలలో బదులు సెలవు ఇస్తాం, ఆ రోజు రిలీవర్, అంటే బదులు గార్డు, వస్తాడు. వారపు సెలవులతో మాత్రమే అయితే పోస్టుకు మూడున్నర మంది సరిపోతారు, ఈ 8 సెలవులూ ఇస్తే 3.6 మంది. పది పోస్టులకు 35 మంది ఉన్నచోట 36వ మనిషి కావాలన్నమాట. డబ్బు పరంగా రెండూ దగ్గరదగ్గరే. నర్సింగ్ హోమ్‌లకు మా సలహా మొదటిదే, రాత్రి క్యాజువాలిటీ గేటు దగ్గర కొత్త ముఖం ఉంటే మీకే ఇబ్బంది.

"ప్రభుత్వమే ఇవ్వడం లేదు, మేమెందుకివ్వాలి" అని ఒక మేనేజర్ గారు అడిగారు. ఇవ్వకపోవడం తప్పు కాబట్టే అక్కడి నుంచి బయటికొచ్చాం. ఇంకో మాట, కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించి తర్వాత రాబట్టుకోవాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉండేది, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఉంది. ప్రధాన యజమాని అంటే మీరు. బిల్లులో ఆ వరుస ఉండటం మీకే రక్షణ.

ఆ కార్యాలయంలోని 40 మందిలో మీ సైట్లకు వస్తామన్నవాళ్లను ఆగస్టు నుంచి సర్దుతున్నాం, కొత్త గార్డులు కావాలనుకున్నవాళ్లు ముందే చెప్పండి. అక్కడే కొత్త ఏజెన్సీ కింద ఉండిపోతామన్నవాళ్లకు పీఎఫ్‌లో నిష్క్రమణ తేదీ వెంటనే నమోదు చేస్తాం, లేకపోతే పాత ఖాతా బదిలీ దగ్గర ఇరుక్కుంటారు.

రెట్టింపు వేతనమా, బదులు సెలవా అన్నది జులై 25 లోపు మీ సూపర్‌వైజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఏదీ రాకపోతే రెట్టింపు వేతనం కింద బిల్లు వేస్తాం. రేటు నచ్చక మానుకోవాలనుకుంటే నెల నోటీసు చాలు, డిపాజిట్ పూర్తిగా తిరిగిస్తాం. ఆ వరుస తీసేసి పాత బిల్లే పంపమని మాత్రం అడగొద్దు.