ఒకే ఇంట్లో ఐదు తరగతులు నడపనక్కరలేదు

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారాలు.

పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పుకునే తల్లిదండ్రుల గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. అందులోని సూచనలు చాలావరకు ఒక్కరో ఇద్దరో పిల్లలున్న ఇళ్ళకు సరిపోయేవి. నలుగురైదుగురు పిల్లలున్న ఇంట్లో ఎదురయ్యే చిక్కులు వేరు. నాకు ఐదుగురు పిల్లలు. పెద్దమ్మాయికి 17 ఏళ్ళు, ఆ తరువాతి వాళ్ళకు 14, 11, 8 ఏళ్ళు, ఆఖరివాడికి 4 ఏళ్ళు. 11 ఏళ్ళుగా వీళ్ళ చదువు ఇంట్లోనే సాగుతోంది. పెద్దమ్మాయి ఒక్కతే చదువుకున్న రోజుల్లో నాకు ఏ ఇబ్బందీ తెలియలేదు. మూడోవాడు కూడా పలక పట్టిన ఏడాది మాత్రం ఇల్లూ చదువూ రెండూ నా చేతుల్లోంచి జారిపోయాయి. అప్పుడు నేను చేసిన పొరపాటు ఇంకొకరు చేయకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముగ్గురు పిల్లలకు మూడు తరగతుల పుస్తకాలు తెప్పించి, తలకు ఆరు సబ్జెక్టుల చొప్పున టైమ్‌టేబుల్ గీసి గోడకు అంటించాను. అంటే రోజుకు 18 పాఠాలు. వాటి మధ్యలో వంట, బట్టలు, రెండేళ్ళ పాప. మధ్యాహ్నమయ్యేసరికి సగం పాఠాలు కూడా పూర్తయ్యేవి కావు. మిగిలినవి సాయంత్రానికి, అక్కడి నుంచి మరునాటికి పేరుకుపోయేవి. పిల్లలు మందకొడిగా ఉన్నారని కోప్పడ్డాను కానీ, 18 పాఠాలు ఒక మనిషి చెప్పగలిగేవి కావన్న చిన్న లెక్క నాకు తట్టలేదు. బడిలో ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఉంటాడు. ఇంట్లో ఉన్నది ఒక్క తల్లి, లేదా ఒక్క తండ్రి. పిల్లలు ఎక్కువగా ఉన్న ఇంట్లో అన్నిటికంటే కొరతగా ఉండేది చెప్పేవాళ్ళ ఓపిక కాబట్టి, ఏ ఏర్పాటు చేసుకున్నా ముందుగా దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

తరువాత నేను చేసిన మార్పు చాలా సులువైనది. ఒక మెట్టు ఎక్కితే తప్ప తరువాతి మెట్టు అందని విషయాలు రెండే ఉన్నాయి: చదవడం రాయడం ఒకటి, లెక్కలు రెండోది. కూడికలు రాని పిల్లవాణ్ణి భిన్నాల దగ్గర కూర్చోబెట్టలేము కనుక ఈ రెండూ ఎవరి స్థాయిలో వాళ్ళకు విడివిడిగానే చెప్పాలి. చరిత్ర, భూగోళం, విజ్ఞానశాస్త్రం, కథలు, బొమ్మలు గీయడం, పాట వంటివన్నీ అందరినీ కలిపి కూర్చోబెట్టి చెప్పవచ్చు. వయసును బట్టి వాళ్ళు చేసి చూపించేది మారుతుంది. నలుగురు చదివే పిల్లలకు తలకు 20 నిమిషాల లెక్కలంటే 80 నిమిషాలు, ఇంకా అక్షరాలు కూడబలుక్కునే వయసు వాళ్ళు ఇద్దరుంటే 15 నిమిషాల చొప్పున అరగంట, అందరూ కలిసి కూర్చునే పాఠం ఒక గంట. మొత్తం 2 గంటల 50 నిమిషాలు. పెద్దపిల్లలు సొంతంగా చదువుకునే సమయం దీనికి అదనం గానీ, దానికి నేను పక్కన కూర్చోనక్కరలేదు. ఎదురుగా ఒక్కరే కూర్చున్నప్పుడు 20 నిమిషాల పాఠం తక్కువేమీ కాదు. ఆరేడేళ్ళ పిల్లలకు అంతకు మించితే కళ్ళు పుస్తకం మీద, మనసు వీధిలో ఉంటాయి.

కలిపి చెప్పడం అంటే ఎలాగని చాలామంది అడుగుతారు కనుక ఒక ఉదాహరణ చెబుతాను. ఒకరోజు ఉతికిన బట్టలు ఆరవేయడాన్నే పాఠంగా తీసుకున్నాము. ఒకే కొలత ఉన్న మూడు గుడ్డలను తడిపి, ఒకటి ఎండలో పరిచి, ఒకటి ఎండలోనే నాలుగు మడతలు వేసి, మూడోది గాలి ఆడే నీడలో పరిచి ఉంచాము. చిన్నవాడు అప్పుడప్పుడూ తాకి ఏది ఇంకా తడిగా ఉందో చెప్పాడు. 8 ఏళ్ళ పాప గడియారం చూసి ఏది ఎప్పుడు ఆరిందో రాసుకుంది. 11 ఏళ్ళవాడు పావుగంటకొకసారి వంటింటి త్రాసుతో బరువు తూచి, తగ్గిన బరువును గ్రాఫుగా గీశాడు. నీరు ఆవిరి అవడానికి వేడి కావాలనీ, ఆ వేడిని అది చుట్టుపక్కల నుంచే తీసుకుంటుందనీ, చెమట పట్టినప్పుడు గాలి తగిలితే ఒళ్ళు చల్లబడేది అందుకేననీ 14 ఏళ్ళవాడు మిగిలిన వాళ్ళకు వివరించాడు. పాఠం ఒకటే, నాలుగు వయసులకు నాలుగు పనులు. పైగా ఆ పూట బట్టలు కూడా ఆరాయి. రోజూ ఇలా కుదరదు, కుదరాలని పట్టుబట్టకూడదు కూడా. అయితే ఇంటిపని పూర్తయ్యాకే చదువు మొదలవుతుందన్న పట్టింపు వదులుకుంటే ఇలాంటి సందర్భాలు వారానికి ఒకటి రెండు తప్పక దొరుకుతాయి.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం ఈనాటి ఆలోచన కాదు. 1789లో మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమం బాధ్యతలు చేపట్టిన ఆండ్రూ బెల్, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, తన దగ్గర కూడా తెలిసిన పిల్లల చేత తెలియని పిల్లలకు చెప్పించాడు. ఆ తరువాత ఆ పద్ధతి మద్రాసు పద్ధతి అన్న పేరుతో ఇంగ్లండులో వ్యాపించింది. 1907లో రోములో బాలల గృహం అన్న పేరుతో తన మొదటి చిన్నపిల్లల బడి తెరిచిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలోనూ సుమారు మూడేళ్ళ తేడా ఉన్న పిల్లలను ఒకే గదిలో ఉంచుతారు. వయసుల్లో తేడా ఉన్న పిల్లలు కలిసి ఉండటం లోపమేమీ కాదన్న ధైర్యం నాకు వీటిని చూశాకే వచ్చింది. చెప్పేవాడికి తనకు తెలిసిందెంతో తెలియనిదెంతో చెబుతుండగానే బయటపడుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయాలి. ఇది అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం. ఎక్కువ మంది పిల్లలున్న ఇళ్ళలో పెద్దకూతురు ఎవరూ అడగకుండానే రెండో తల్లి అయిపోతుంది. చంటిపిల్ల ఏడిస్తే ఆమే లేస్తుంది, తమ్ముడి లెక్కలు ఆమే దిద్దుతుంది, నా చేతిలో పని ఉంటే పొయ్యి దగ్గరా ఆమే నిలబడుతుంది. మా అమ్మాయి 12వ ఏట తన చదువు పుస్తకం తెరిచేసరికి సాయంత్రం నాలుగవుతోందని ఒక వారం గమనించాక నాకు కళ్ళు తెరుచుకున్నాయి. ఆ పిల్ల ఒక్కసారి కూడా కాదనలేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాము. పెద్దపిల్లలు చిన్నవాళ్ళ కోసం వెచ్చించే సమయం రోజుకు ఇంత అని ముందే రాసి ఉంటుంది, మా ఇంట్లో అది తలకు అరగంట. అది ఆడపిల్లకూ మగపిల్లలకూ సమానం. ఉదయం రెండు గంటలు వాళ్ళ సొంత చదువుకే, ఆ సమయంలో పాలు పొంగినా వాళ్ళను పిలవకూడదు. తండ్రి కూడా ఒక సబ్జెక్టును పూర్తిగా తన బాధ్యతగా తీసుకోవాలి. "సాయం చేస్తాను" అంటే సరిపోదు. ఏ పాఠం ఎంతవరకు వచ్చిందో, ఎవరు ఎక్కడ తడబడుతున్నారో అన్నీ ఆయనకే తెలిసి ఉండాలి. మా ఇంట్లో పెద్దపిల్లలిద్దరి లెక్కలూ అలా వాళ్ళ నాన్నగారి బాధ్యతే; ఆ సంగతి నేను ఏడాదిలో ఒక్కసారి కూడా అడగను.

ఇంటిపనుల విషయంలో వారానికొకరికి వంతులు మార్చే పద్ధతిని మేము రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నాము. వంతు ఎవరిదన్న తగవే పని కంటే పెద్దదయ్యేది, పైగా ఎవరికీ ఏ పనీ బాగా వచ్చేది కాదు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క పని, ఏడాది పొడవునా అదే. అంట్లు ఒకరివి, ఊడ్చి తుడవడం ఒకరిది, బట్టలు మడతపెట్టి ఎవరివి వాళ్ళ అరలో సర్దడం ఒకరిది, ఆఖరివాడికి చెప్పులు వరుసగా పెట్టడం. నేర్పడం మాత్రం తొందరపడి చేయకూడదు. కొన్ని రోజులు నేను చేస్తుంటే చూడాలి, కొన్ని రోజులు నాతో కలిసి చేయాలి, కొన్ని రోజులు తను చేస్తుంటే నేను చూడాలి, అప్పుడే వదిలిపెట్టాలి. దీనికి రెండు మూడు వారాలు పడుతుంది. ఏడేళ్ళ పిల్ల మడతపెట్టిన దుప్పటి వంకరగా ఉంటే ఉండనివ్వాలి. ఆమె చూడనప్పుడు మనం విప్పి మళ్ళీ మడిస్తే ఆ సంగతి పిల్లకు తెలిసిపోతుంది. పనులన్నీ రోజులో మూడు వేళలకే కట్టుబడి ఉంటే, అంటే ఉదయం పాఠాలకు ముందు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, చీకటి పడకముందు ఇరవై నిమిషాల చొప్పున అందరూ ఒకేసారి లేచి చేస్తే, మిగిలిన సమయంలో ఇల్లు చిందరవందరగా ఉన్నా మనసు ఆందోళన పడదు.

ఇంకా చదువుకు రాని పసిపిల్లలే అసలు పరీక్ష. పాఠాలు మొదలుపెట్టే ముందు ఒక పావుగంట పూర్తిగా చిన్నవాడికే ఇస్తే, వాడు తరువాతి గంట చాలావరకు తన ఆటలో ఉంటాడు. ముందు పెద్దవాళ్ళ పని కానిద్దామనుకున్న రోజు ప్రతి ఐదు నిమిషాలకూ వచ్చి కొంగు లాగుతాడు. పాఠాల వేళ మాత్రమే బయటికి వచ్చే ఆటవస్తువుల పెట్టె ఒకటి ఉంచుకోవాలి. ఎంతో నిశ్శబ్దం కావలసిన పాఠాన్ని పసివాడు నిద్రపోయే వేళకు పెట్టుకోవాలి. తల్లి భిన్నాలు చెబుతూ తల వంచుకుని ఉన్నప్పుడే ప్రమాదాలు జరుగుతాయన్నది మరవకూడదు. కొన్ని అంగుళాల నీటిలో కూడా పసిపిల్లలు చప్పుడు లేకుండా మునిగిపోగలరు. అందుకని బకెట్లు, తొట్లు వాడగానే ఖాళీ చేసి బోర్లించడం, మందులూ శుభ్రపరిచే ద్రావకాలూ తాళం వేసిన అరలో ఉంచడం పాఠం మొదలుపెట్టే ముందు చేయవలసిన పనులు.

ఏడాది లెక్క గురించి క్లుప్తంగా చెబుతాను. ఆరు వారాలు చదివి ఒక వారం ఆగే పద్ధతి మాకు నప్పింది. అలా ఆరు విడతలు నడిస్తే 36 వారాల చదువు, 6 వారాల విరామం అవుతాయి. ఏడాదిలో ఇంకా 10 వారాలు మిగులుతాయి. కాన్పు, జ్వరాలు, చుట్టాల రాక, ఇల్లు మారడం వంటివన్నీ ఆ పదింటిలో ఇముడుతాయి. ఇంట్లో చంటిబిడ్డ పుట్టినప్పుడు పాఠాలు నెలన్నర ఆపడానికి సంకోచించవద్దు. పుస్తకాల్లో జవాబులు రాయనివ్వకుండా నోటు పుస్తకాల్లో రాయిస్తే పెద్దవాడి పుస్తకమే చివరివాడి దాకా వస్తుంది.

చదివినది నిలిచేలా చూసుకోవడానికి అదనంగా కూర్చోనక్కరలేదు. నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే వేగంగా మరుపుకు వస్తుందని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించాడు. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళ కంటే, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్ళకు వారం తరువాత ఎక్కువ జ్ఞాపకం ఉందని చూపించారు. దీన్ని ఇంటికి అన్వయించుకోవడం తేలిక. ఉదయం విన్న పాఠాన్ని రాత్రి భోజనాల దగ్గర నాన్నగారికి చెప్పాలి, చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు తరువాత. రెండు మూడు రోజులు ఆగి, ఆ తరువాత వారానికి, మళ్ళీ నెలకు ఒక ప్రశ్న వేస్తే చాలు.

ఒక విషయం మాత్రం నా సొంత పశ్చాత్తాపం నుంచి రాస్తున్నాను. మా మూడోవాడు ఎనిమిదేళ్ళు దాటినా చదవడానికి మొరాయించేవాడు. చెల్లెలు తనకంటే ముందు చదివేస్తుందేమోనన్న భయం వాడి ముఖంలో కనిపించేది. నేను బద్ధకమనుకున్నాను. కంటి వైద్యులకు చూపిస్తే, దగ్గరి అక్షరాలు చూడటానికి వాడి కళ్ళు శక్తికి మించి కష్టపడుతున్నాయని తేలింది. అద్దాలు పెట్టుకున్న కొన్ని నెలల్లోనే వాడు పుస్తకం వదలని పిల్లవాడయ్యాడు. నలభై మంది పిల్లలను చూసిన ఉపాధ్యాయుడికి అనుమానం వచ్చే చోట, సొంత పిల్లలనే చూసిన తల్లికి అనుమానం రాకపోవచ్చు. అందుకే ప్రతి పిల్లకూ చదువు మొదలుపెట్టే ముందు చూపు, వినికిడి పరీక్షలు చేయించాలి. చూపూ వినికిడీ బాగుండి కూడా ఎనిమిది తొమ్మిదేళ్ళకు అక్షరాలు తారుమారవుతూ ఉంటే డిస్‌లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం రాయడం కష్టమయ్యే ఇబ్బంది, గురించి తెలిసిన నిపుణుల దగ్గరకు వెళ్ళడానికి ఆలస్యం చేయకూడదు.

చట్టం సంగతి ఎవరికి వారు ముందే తెలుసుకోవాలి. ఇంటి చదువును జర్మనీ వంటి దేశాలు దాదాపుగా అనుమతించవు. కొన్ని చోట్ల అధికారులకు తెలియజేస్తే సరిపోతుంది. కొన్ని చోట్ల ఏటా పరీక్ష ఉంటుంది. నియమం ఏదైనా, ప్రతి పిల్ల రాసిన కాగితాల్లో నెలకు రెండు మూడింటిని తేదీ వేసి దాచడం, చదివిన పుస్తకాల పేర్లు ఒక నోటులో రాసుకోవడం అవసరం. బోర్డు పరీక్షను పిల్లలు ఏ దారిలో రాస్తారో కనీసం రెండేళ్ళ ముందే నిశ్చయించుకోవాలి.

ఆ పై తరగతుల సైన్సు ప్రయోగాల విషయంలో మా ఇల్లు ఇంకా తడుముకుంటూనే ఉంది. పెద్దపిల్లలకు ఇంట్లో రసాయన, భౌతిక శాస్త్రాల ప్రయోగాలు చేయించిన తల్లిదండ్రులెవరైనా మీ పాఠకుల్లో ఉంటే, వారి అనుభవాలను కూడా ఈ శీర్షికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మా రెండోవాడు వచ్చే ఏడాది ఆ తరగతికి వస్తున్నాడు.

ఇట్లు,
ఐదుగురు పిల్లల తల్లి, మీ పాఠకురాలు